ఎంవీపీ కాలనీ పఠన కేంద్రం: పిల్లల చదువుతో పాటు టీచరు మనసునూ పట్టించుకునే చోటు

విశాఖపట్నంలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పాఠాలు చెప్పే టీచర్ల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఎంవీపీ కాలనీ రైతుబజారుకు కాస్త దూరంలో ఒక ఇంటి రెండో అంతస్తులో పఠన కేంద్రం ఒకటి నడుస్తోంది. రిటైరైన ఇద్దరు ఉపాధ్యాయులు, వారికి తోడుగా ఒక చిన్న ట్రస్టు దాన్ని చూసుకుంటున్నారు. టీచర్ల కోర్సు ఆరు నెలలు, ఫీజు 2,400 రూపాయలు. పిల్లలకు ఉచితం. ఆ కోర్సు పూర్తిచేసి వచ్చాక ఇది రాస్తున్నాను. కేంద్రం పేరు మాత్రం రాయడం లేదు. కింద కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి, అవి వారికి నేరుగా చెప్పాను, సరిచేసుకోవడానికి వ్యవధి ఇవ్వడం న్యాయం.

నా గురించి రెండు మాటలు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పాఠశాలలో మూడో తరగతి టీచర్ని. మా పిల్లల్లో ఎక్కువమంది పెదజాలారిపేట నుంచి వస్తారు. తండ్రులు చేపల వేటకు వెళ్తారు, తల్లులు చేపలు అమ్ముతారు. ఇరవై ఏళ్లకు దగ్గరపడిన ఉద్యోగంలో శిక్షణలకు కొదవ లేదు. కానీ ఏ శిక్షణలోనూ "మీరెలా ఉన్నారమ్మా?" అని అడిగి, జవాబు వినడానికి ఆగినవారు లేరు. ఈ కేంద్రంలో మొదటి రోజే అడిగారు. మర్యాదకు అడిగిన ప్రశ్న కాదది, కోర్సు మొత్తం దాని మీదే కట్టారు. అలసిపోయి, విసిగిపోయి, ఎవరో తప్పులు వెతుకుతున్నారన్న భయంతో ఉన్న టీచరు ఏ పద్ధతి నేర్చుకున్నా, తరగతి గదికి వచ్చేసరికి అది పిల్లల మీద ఒత్తిడిగానే మారుతుందని వారి నమ్మకం. ఆరు నెలల తరువాత అది నా నమ్మకం కూడా అయింది.

మన దగ్గర లక్ష్యాలకు లోటు లేదు. 2021 జులై 5న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డా అర్థంచేసుకుంటూ చదవాలంటోంది. మంచి లక్ష్యం, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఆ లక్ష్యం టీచరు దగ్గరకు చేరేసరికి ఒక పట్టిక అవుతుంది. పట్టికలో గడి ఖాళీగా ఉంటే ఆ బరువు టీచరు మీద పడుతుంది, టీచరు నుంచి వెనక బెంచీలో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లవాడి మీద పడుతుంది. ఆ పిల్లవాడి గురించే ముందు చెప్పాలి.

చదవడం రాని పిల్లలు దాన్ని దాచుకోవడంలో ఎంత తెలివి చూపిస్తారో ప్రాథమిక పాఠశాల టీచర్లందరికీ తెలుసు. మా తరగతిలో ఒకడు తన వంతు రాబోతోందని లెక్కగట్టి, సరిగ్గా ముందు పిల్ల లేచేసరికి మంచినీళ్లకు వెళ్తానని అడిగేవాడు. అక్షరమాల పాడతాడు, గుణింతం గడగడా అప్పజెబుతాడు, వాక్యం ముందు పెడితే గొంతు పెగలదు. కేంద్రంలో మాకు మొదట నేర్పింది ఇలాంటి పిల్లల్ని అందరి ముందూ లేపి చదివించడం ఆపమని. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో వాడే తరహాలో నాలుగు మెట్ల కాగితంతో చూడమన్నారు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగితే అక్కడే ఆపేయాలి. "బాగా చదివావు" అని అబద్ధం చెప్పకూడదు, "ఇంతేనా" అనీ అనకూడదు. "ఇక్కడి నుంచి కలిసి మొదలుపెడదాం" అనాలి. వినడానికి చిన్న మాటే. దాన్ని తోటి టీచర్ల మీద సాధన చేసి, ముఖంలో నిరాశ కనబడకుండా అనడం నేర్చుకోవడానికి మా బృందానికి ఒక పూట పట్టింది.

తరువాతి పాఠం లిపి గురించి. కోర్సు మొత్తంలో నాకు ఎక్కువ ఊరటనిచ్చింది ఇదే. తెలుగు పిల్లలు నేర్చుకోవలసింది 56 అక్షరాలని మనం తేలిగ్గా అనేస్తాం. తలకట్టు నుంచి మొదలుపెట్టి గుణింతాలు, ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు అన్నీ లెక్కవేస్తే బిడ్డ కంటికి ఎదురయ్యే రూపాలు వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లల మీద పరిశోధన చేసిన సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ రకం లిపిలో పట్టు రావడానికి పిల్లలకు ఇంగ్లీషు అక్షరాల కంటే చాలా ఎక్కువ కాలం పడుతుందనీ, నాలుగో తరగతిలో కూడా ఆ నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందనీ చూపించారు. కన్నడ లిపికీ మన లిపికీ ఉన్న దగ్గరితనం తెలిసిందే. అంటే మూడో తరగతిలో "క్ష్మ" దగ్గర తడబడే బిడ్డ మొద్దు కాదు, ఆ బిడ్డకు చెప్పే టీచరు చేతకానిదీ కాదు. పని పెద్దది, అంతే. ఈ ఒక్క సంగతి మా జిల్లాలో ప్రతి ప్రధానోపాధ్యాయుడికీ, ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ తెలియాలని నా కోరిక.

దాని వెంటనే మరో సూత్రం చెప్పారు. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ప్రతిపాదించినది: చదివి అర్థంచేసుకోవడం అనేది రెండింటి గుణకారం. ఒకటి అక్షరాలను గుర్తుపట్టి పలకగలగడం, రెండోది ఆ భాష వింటే అర్థంకావడం. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నా. మా పిల్లల విషయంలో ఇది చాలా విలువైన మాట, ఎందుకంటే వాళ్ల రెండో సంఖ్య చిన్నది కాదు. వంజరానికీ కానాగంతకూ తేడా చెప్పగలరు, గాలి ఏ వైపు తిరిగితే వేటకు వెళ్లరో చెప్పగలరు, వల గురించి గంటసేపు మాట్లాడగలరు. ఆ మాటలేవీ బడిలో చెల్లవని ఎవరో ఒకరు వాళ్లకు ఎప్పుడో నేర్పేశారు. వాటిని మళ్లీ చెల్లేలా చేసే పని టీచరుదే.

ఎలాగంటే, న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ పద్ధతి ఆధారంగా. ఆమె ప్రతి బిడ్డనూ "ఈ రోజు నీకు ఏ మాట కావాలి?" అని అడిగి, ఆ మాట అట్ట ముక్క మీద రాసి చేతికి ఇచ్చేదట. బిడ్డకు నిజంగా కావలసిన మాట కనుక అది మరచిపోయేవాడు కాదు. కేంద్రం వారు దీన్ని వాక్యాలకు పెంచారు. బిడ్డ చెబుతాడు, టీచరు అదే మాటల్లో రాస్తుంది, బిడ్డ తను చెప్పింది తాను చదువుతాడు. మంచినీళ్ల పిల్లవాణ్ణి ఒక ఆదివారం అక్కడికి తీసుకువెళ్లాను. చాప మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "వల చిక్కు పడింది. మా తాత విప్పాడు. నాకు చూపించాడు" అన్నాడు. పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. వేలు పెట్టి చదివాడు. "చిక్కు"లో కకారపు ఒత్తు, "విప్పాడు"లో పకారపు ఒత్తు అప్పటికి వాడి పుస్తకంలో ఇంకా రాని పాఠాలు. తన మాట కావడంతో ఒత్తు వాడికి అడ్డం రాలేదు. మళ్లీ చదవనా అని అడిగాడు. ఇంటికి తీసుకువెళ్లి తాతకు చదివి వినిపించాడని మరునాడు వాళ్లమ్మ బడి గేటు దగ్గర నాకు చెప్పింది. ఆ వారం నుంచి తరగతిలో ప్రతి బిడ్డకూ ఒక మాటల సంచి కుట్టించాను. పాత చీరల గుడ్డే, ఖర్చు లేదు.

పుస్తకాల ఎంపికలో కూడా వీరిని మెచ్చుకోవాలి. అరలు పిల్లల ఎత్తులో ఉన్నాయి, పుస్తకాలు అట్ట ముందుకు కనబడేలా పెట్టారు. "మంచి పుస్తకం" అనే సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ వేసిన ప్రచురణలు ఎక్కువ. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటు నుంచి స్థాయిల వారీగా తెలుగు కథలు ఉచితంగా తీసుకుని ఎలా అచ్చువేసుకోవచ్చో చేసి చూపించారు. బడిలో గ్రంథాలయానికి డబ్బు లేని టీచర్లు తప్పక నేర్చుకోవలసిన పని ఇది. పిల్లల పుస్తకాలు కొన్ని బిడ్డకు తన బతుకే కనబడే అద్దాలుగా, కొన్ని ఇతరుల బతుకు కనబడే కిటికీలుగా ఉండాలని అమెరికా ఆచార్యురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో అన్నారు. మా పిల్లలకు కిటికీలు చాలానే దొరుకుతాయి, అద్దాలు తక్కువ. అందుకే పిల్లల వాక్యాలతోనే చిన్న పుస్తకాలు కుట్టించి అదే అరలో పెడుతున్నారు. ఇంకొకరి బిడ్డ తన పుస్తకం తీసి చదువుతుంటే, రాసిన బిడ్డ దూరంగా నిలబడి చూసే చూపు నేను మరచిపోలేను.

ఇక వేట నిషేధం గురించి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. కానీ ఆ రోజుల్లో ఇళ్లలో డబ్బు ఆడదు, పెద్దల గొంతులు పెరుగుతాయి, ఏప్రిల్‌లో సెలవులకు ముందూ జూన్‌లో బడి తెరిచినప్పుడూ తరగతిలో ఆ బరువు కనబడుతుంది. పిల్లలు కోపంగానో, మౌనంగానో ఉంటారు. ఇలాంటప్పుడు వాళ్లతో ఏం రాయించాలి, ఏం రాయించకూడదు అన్న పాఠం నేను ఇంకెక్కడా వినలేదు. నియమం ఒక్కటే. బిడ్డ చెప్పినంతే రాయాలి, ఇంకా తవ్వకూడదు. బిడ్డ బాధ పాఠం కోసం కాదు. బిడ్డ "నాకు వద్దు" అంటే బొమ్మ గీయనివ్వాలి, అదీ వద్దంటే ఊరికే కూర్చోనివ్వాలి. ప్రమాదం ఉందనిపించే మాట బయటకు వస్తే మనసులో పెట్టుకోకుండా పిల్లల సహాయవాణి 1098కి చెప్పాలి. అక్షరాలు పదేపదే తారుమారయ్యే బిడ్డకు మనమే డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం) అని ముద్రవేయకూడదు, నిపుణుల దగ్గరకు పంపాలి. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి కాబట్టి ఆ బిడ్డకు చట్టం ఇచ్చే అండ ఏమిటో తల్లిదండ్రులకు చెప్పాలి. ఇవన్నీ హడావుడి లేకుండా, ఉదాహరణలతో చెప్పారు.

ఇప్పుడు టీచర్ల గంట. ప్రతి రెండో శనివారం మధ్యాహ్నం భోజనం తరువాత తలుపు దగ్గర ఒక బుట్ట పెడతారు, ఫోన్లు అందులో వేయాలి. మొదటి అరగంట ఎవరికి నచ్చిన పుస్తకం వారు చదువుకోవాలి. పాఠానికి పనికొచ్చేది చదవకూడదన్నది షరతు. పక్కన కూర్చున్న గాజువాక టీచరు ఒకావిడ, పెళ్లయ్యాక ఒక నవల మొత్తం చదవడం ఇదే మొదటిసారి అంది. పిల్లలకు చదవడం ఇష్టం కలిగించాలని రోజూ చెప్పే మనకు, మనం చదువుకోవడానికి ఎవరూ ఒక గంట ఇవ్వరు. మధ్యాహ్న భోజనం ఫొటోలు, హాజరు, యాప్‌లో నింపవలసిన వివరాలు, ఎన్నికల జాబితా పనులు ఇవన్నీ పోగా మిగిలిన గంటలో ఇంటి పని ఉంటుంది. ఆ అరగంట మౌనంలో నాకు కలిగిన హాయిని దాచుకోవలసిన పని లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తరువాత ఇరవై నిమిషాలు రాయడం. మనసులో బరువుగా ఉన్నదేదో ఆగకుండా రాయాలి, అక్షరదోషాలు పట్టించుకోకూడదు, ఎవరికీ చూపించనవసరం లేదు, కావాలంటే చింపేయవచ్చు. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగం నుంచి ఇది వచ్చింది. వరుసగా నాలుగు రోజులు రోజుకు పావుగంట చొప్పున తమ బాధాకరమైన అనుభవాల గురించి రాసిన కళాశాల విద్యార్థుల్లో కొందరు తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం కొంత దిగులుగానే ఉన్నారు. ఈ రెండో సంగతి కూడా కేంద్రం వారు దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. రాయడం అన్నిటికీ మందు కాదని, నిద్ర పట్టని స్థితిలో ఉన్నవారు, బతకాలని లేదనిపించేవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలని, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉందని మొదటి రోజే గోడ మీద రాసి పెట్టారు. నా సంగతి అడిగితే, తలనొప్పులు ఈ కోర్సు వల్లే తగ్గాయని చెప్పను. సాయంత్రం ఇంటికి వెళ్లాక మా అమ్మాయి మాట్లాడుతుంటే వినగలుగుతున్నానని చెప్పగలను.

ఇన్ని మంచి మాటలు చెప్పాక లోపాలు కూడా అంతే గట్టిగా చెప్పాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఫొటోలు. ట్రస్టుకు విరాళాలిచ్చేవారికి చూపించడానికట, పిల్లలు తడబడుతూ చదువుతున్నప్పుడు ఎదురుగా ఫోను పెట్టి వీడియో తీశారు. అందరి ముందూ చదివించవద్దని మాకు పాఠం చెప్పి, ఆ బిడ్డ తడబాటును ముక్కూమొహం తెలియనివారికి పంపడం ఏమి న్యాయం? తల్లిదండ్రుల సంతకం తీసుకున్నామన్నారు. బిడ్డను ఎవరూ అడగలేదు. దాదాపు అదే తరహాలో ఒక శనివారం కొత్తగా వచ్చిన శిక్షకురాలు, మేము రాసిన వాటిలో "బాగున్నవి" వాట్సాప్ బృందంలో పెట్టమంది. ఎవరికీ చూపించనవసరం లేదన్న మాట మీదే మేమంతా మనసు విప్పి రాశాం. నేను లేచి కుదరదని చెప్పాను, మరికొందరు నాతో నిలబడ్డారు, ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది. అయినా ఆ రోజు తరువాత ఇద్దరు ముగ్గురు ముందులా రాయలేకపోయారు. నమ్మకం ఒకసారి కదిలితే ఎంత కాలానికి కుదుటపడుతుందో నడిపేవారు ఆలోచించాలి.

రెండోది, ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లల కోసం కోర్సులో ఏమీ లేదు. మా బృందంలో అనంతగిరి వైపు ఏకోపాధ్యాయ పాఠశాల నుంచి ఒక టీచరు వచ్చేది. తెల్లవారుజామున బయలుదేరి కొండ దిగి వచ్చేది. ఆమె పిల్లల్లో కొందరి ఇంటి భాష కువి అనే గిరిజన భాష, కొందరిది ఆదివాసీ ఒడియా. "బిడ్డ మాటను అలాగే రాయండి" అన్న పద్ధతి ఆమె తరగతిలో ఎలా పనిచేస్తుందని అడిగితే, తెలుగులో చెప్పించి రాయమన్నారు. అది జవాబు కాదు. సవర అనే గిరిజన భాష నేర్చుకుని, అందులో వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకు బడులు పెట్టిన గిడుగు రామమూర్తి గారు పుట్టి పెరిగింది ఈ ఉత్తరాంధ్రలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి, ఆయన చేసిన ఈ పనిని పక్కన పెట్టడం నాకు మింగుడుపడదు. తన పిల్లల భాషలో రాయడానికి ఆ టీచరుకు దారి చూపించి ఉంటే, మా అందరికంటే ఎక్కువ లాభం ఆమె తరగతికే కలిగేది.

గది సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. చక్రాల కుర్చీ వాడే బిడ్డకు అసాధ్యం. మే నెల ఉక్కలో రెండు ఫ్యాన్లు చాలవు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది, మంచినీళ్లకు లోటు లేదు. మధ్యాహ్నం పెట్టిన పులిహోర ప్రతిసారీ బాగుంది. ఇరవై మందికే బృందం అని చెప్పి ముప్పైకి పైగా చేర్చుకోవడం మాత్రం బాగాలేదు. ఒక్కొక్కరి తరగతికి వచ్చి చూస్తామన్న హామీ ఆ రద్దీలో సగం మందికే అందింది.

డబ్బు విషయానికొస్తే, 2,400 రూపాయలకు ఆరు నెలల పాటు ఇంత శ్రద్ధగా చెప్పేవారు నగరంలో ఇంకెక్కడా నాకు కనబడలేదు. ఇక్కడిచ్చే ధ్రువపత్రం పదోన్నతికి పనికిరాదు, దాని కోసం వెళ్లేవారు వెళ్లవద్దు. ఆరు నుంచి పదో తరగతి వరకు చెప్పేవారికి కూడా ప్రస్తుతానికి ఇది సరిపోదు, ఉదాహరణలన్నీ చిన్న తరగతులవే. ఒకటి నుంచి మూడో తరగతి టీచర్లు, ముఖ్యంగా ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్లయి, మొదటి ఉత్సాహం తగ్గి, "నా వల్ల కావడం లేదు" అని లోపల అనుకుంటున్నవారు తప్పక చేరాలి. ప్రైవేటు పాఠశాలల టీచర్లకు ఆ ఫీజు భారమని నాకు తెలుసు. అడిగితే వాయిదాల్లో కట్టనిస్తారు, మొహమాటపడకండి.

నా ఫిర్యాదులన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. నడిపే పెద్దాయన నా ఎదురుగానే పూర్తిగా చదివారు. పఠన సమయంలో కెమెరా ఉండదని, వచ్చే బృందం ఇరవై దాటదని ఒప్పుకున్నారు. ఇంటి భాషల పాఠం గురించి, కువి తెలిసిన టీచరు ఒకరు దొరికితే తప్ప మాట ఇవ్వలేనన్నారు. అలాంటివారు మీ ఎరుకలో ఉంటే దయచేసి వారికి చెప్పండి. కొత్త బృందం జూన్‌లో బడులు తెరిచాక మొదలవుతుంది. చేరడానికి ముందు ఒక ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మీ తరగతి నుంచి ఒకరిద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, చాప మీద కూర్చుని చూడండి. దానికి డబ్బు తీసుకోరు.